దున్ని కలిపిన వయ్యారిభామ, మొలవని జొన్న: షాబాద్ మండలంలోని ఒక కౌలు పొలం కేస్ స్టడీ

హైదరాబాద్ రాజేంద్రనగర్ ప్రాంతంలో నేను కొన్నేళ్లుగా చిన్న నేల, విత్తన పరీక్షశాల నడుపుతూ, చుట్టుపక్కల మండలాల రైతులకు పంట సలహాలు ఇస్తున్నాను. మొలక రాలేదని వచ్చే రైతుల్లో ఎక్కువమంది తప్పు విత్తనానిదేనన్న నిర్ణయంతోనే వస్తారు, చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. షాబాద్ మండలంలోని ఈ జొన్న పొలం విషయంలో కారణం విత్తనం కాదని రైతే మొదట చెప్పాడు. దాన్ని నేను గుర్తించడానికి ఒక పొరపాటు సలహా, దాదాపు మూడు వారాల పరీక్షలు అవసరమయ్యాయి. కలుపు మొక్కలు విడిచే రసాయనాలు ధాన్యపు పంటల మొలకను ఎలా అడ్డుకుంటాయో ఈ పొలంలో కలుపు చచ్చిన తర్వాత స్పష్టంగా కనిపించింది కనుక కేసును పూర్తిగా రాసి పెడుతున్నాను.

పొలం, పూర్వాపరాలు

రైతుకు రెండు ఎకరాల సొంత నల్లరేగడి ఉంది. దాని పక్కనే ఒక గట్టు అవతల మరో రెండు ఎకరాలు వెంచర్ వేస్తారని కొన్న భూమి. వెంచర్ పడలేదు, సాగూ జరగలేదు. రెండేళ్లు పడావు పడిన ఆ భూమిని యాసంగి జొన్నకోసం ఆయన కౌలుకు తీసుకున్నాడు. హైదరాబాద్ చుట్టూ ఇటువంటి పడావు భూములను చూసినవారికి అందులో ఏం పెరిగి ఉంటుందో చెప్పనవసరం లేదు. మనిషి ఛాతీ ఎత్తున, తెల్లటి పూలతో, ఇంకో మొక్కకు చోటివ్వకుండా వయ్యారిభామ కమ్ముకుని ఉంది. కాంగ్రెస్ గడ్డి, క్యారెట్ గడ్డి అని కూడా పిలిచే ఈ మొక్కను మన దేశంలో 1955లో పుణెలో మొదట గుర్తించారు. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో కలిసి వచ్చిందన్నది అందరూ చెప్పే మాట.

సెప్టెంబరు మూడో వారంలో మంచి వాన పడింది. పదును పోతుందన్న తొందరలో ఆయన 22న రోటవేటర్ పెట్టి పూత మీదున్న వయ్యారిభామనంతా నేలలోకి కలిపేసి, 26న గొర్రుతో జొన్న విత్తాడు. సొంత రెండు ఎకరాలలోనూ అదే రోజు, అదే సంచిలోని విత్తనం, అదే గొర్రుతో పడింది. తర్వాత వాన లేదు. ఎనిమిదో రోజుకు సొంత చేనులో సాళ్లు గీత గీసినట్టు కనిపిస్తుండగా, కౌలు చేనులో బారెడు సాలుకు మూడు నాలుగు మొక్కలు, అవీ పాలిపోయి, కనిపించాయి.

అక్టోబరు 4న నేను వెళ్లినప్పుడు ఆయన అన్న మాట ఇది: "సార్, ఇత్తనం ఒక్కటే, గొర్రు ఒక్కటే, దినం గూడ ఒక్కటే. నా చేన్ల మొలిచింది, కౌలు చేన్ల మొల్వలే. భూమికే ఏదో అయ్యింది." ఆయన భార్య మొక్కలు పీకడం వల్ల దద్దుర్లు లేచిన ముంజేతులు చూపిస్తూ, "ఆ చెట్టు వట్టుకుంటె మా చేతులే గిట్లయితయి, ఇత్తులకు గాదా సార్?" అని అడిగింది. ఆ ప్రశ్నను నేను ఆ రోజు పట్టించుకోలేదు. ఈ కేసులో మొదటి సరైన అనుమానం ఆమెదే.

నా మొదటి నిర్ణయం, అది ఎందుకు తప్పింది

రోటవేటర్ తిప్పిన నేల బాగా గుల్లబారి ఉంది, పచ్చి కాండాల ముక్కలు విత్తనానికీ మట్టికీ మధ్య అడ్డుపడి ఉన్నాయి, పైగా వాన లేదు. విత్తనం మట్టికి సరిగా అతుక్కోక, పదును అందక మొలక తప్పిందని నేను తేల్చాను. వెంటనే పోగుంటలు నింపి, అంటే మొలవని చోట్ల మళ్లీ గింజలు వేసి, సాళ్ల వెంట కాలితో తొక్కి, బోరు నీరు పలుచగా ఇవ్వమని చెప్పాను. ఆయన మరుసటి రోజే ఆ పని చేశాడు. ఆ వివరణ చూడటానికి బాగానే ఉంది, కానీ నేను ఆ రోజు ఒక్క విత్తనాన్ని కూడా తవ్వి చూడలేదు. కనిపించని మొక్కలను లెక్కపెట్టి వచ్చేశాను తప్ప, మొలవని గింజ నేలలో ఏ స్థితిలో ఉందో చూడలేదు. మొలక ఫిర్యాదుకు మొదట చేయవలసిన పని అదే.

అక్టోబరు 12న మళ్లీ వెళ్లాను. నీరు పెట్టినా, తొక్కినా, కొత్తగా వేసిన గింజల్లో సగమే పైకి వచ్చాయి. ఈసారి నేల మీద కూర్చుని, ఇనుప కడ్డీతో సాలు వెంట మెల్లగా మట్టి తొలగిస్తూ పోయాను. గింజలు కుళ్లలేదు, చీమలు ఎత్తుకుపోలేదు. అవి మొలిచాయి, కానీ నేల లోపలే ఆగిపోయాయి. తొలి వేరు గోరంత పొడవు వచ్చి, కొస గోధుమ రంగుకు తిరిగి, కొక్కెంలా వంగి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే వేరు మీద నూగులా ఉండవలసిన కేశాలు దాదాపు లేవు. మొలక తెల్లగా, బతికే ఉండి, పైకి రావలసింది పక్కకు చుట్టుకుపోయింది. గట్టు దాటి సొంత చేనులో అదే వయసు మొక్కను తవ్వితే వేరు జానెడు దిగి, మట్టి రేణువులు కేశాలకు గట్టిగా అంటుకుని, దులిపినా రాలలేదు.

ఇంకొక జాడ కూడా అప్పుడే కనిపించింది. చేను ఎగువ మూలలో పీకిన వయ్యారిభామను ఆగస్టులో కుప్పగా పోసి వదిలేశారు. ఆ కుప్ప ఉన్న చోటునుంచి వాలు వెంబడి, వాన నీరు పారిన దారిలో, నాలుగైదు సాళ్ల వెడల్పున ఒక్క మొక్క కూడా లేదు. ఆ పట్టీ చేనులోని ఖాళీలన్నింటికంటే స్పష్టంగా ఉంది. నేల పదునులోనో గుల్లదనంలోనో ఉన్న లోపమైతే నీరు పారిన దారిలో మొలక ఎక్కువ ఉండాలి, తక్కువ కాదు.

ఇతర కారణాలను తోసిపుచ్చడం

వేర్లను చూశాక రసాయన ప్రభావమన్న అనుమానం బలపడింది. కానీ అల్లెలోపతి, అంటే ఒక మొక్క విడిచే రసాయనాలు ఇంకో మొక్క మీద చూపే ప్రభావం, చివరగా చెప్పవలసిన నిర్ధారణ, ముందు చెప్పవలసింది కాదు. మిగిలిన కారణాలు ఒక్కొక్కటీ పోవాలి.

మిగిలిపోయిన విత్తనాన్ని పరీక్షశాలలో నాలుగు వందల గింజలు పెట్టి చూస్తే సగటున నూటికి 86 మొలిచాయి. ధ్రువీకరించిన జొన్న విత్తనానికి ఉండవలసిన కనీస మొలక 75 శాతం కనుక విత్తనం నిర్దోషి. లోతు రెండు చేలలోనూ నాలుగైదు సెంటీమీటర్లే. నేల పీహెచ్‌లో, లవణ శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొవ్వు ఈగ కొట్టేది మొలిచిన మొక్కను, మొవ్వు ఎండిపోయి కనిపిస్తుంది. ఇక్కడ మొక్క పైకే రాలేదు. ఇటువంటి వేర్లు చూసినప్పుడు నేను అందరికంటే ముందు అనుమానించేది పాత కలుపు మందును, ముఖ్యంగా సోయా, కంది పంటలలో వాడే ఇమాజెథాపిర్‌ను. దాని అవశేషం నేలలో నిలిచి తర్వాతి జొన్నను గిడసబారుస్తుంది. కానీ ఈ భూమిలో రెండేళ్లుగా ఏ పంటా లేదు, ఏ మందూ పడలేదు.

బతికిన కలుపు పంటతో వెలుగుకూ నీటికీ పోషకాలకూ పోటీపడుతుంది కనుక, పొలంలో నష్టం కనిపించినప్పుడు ఎంత పోటీ వల్ల, ఎంత రసాయనం వల్ల అని విడదీయడం చాలా కష్టం. తూర్పు అంచున తుంగ దట్టంగా ఉన్న చోట కూడా జొన్న పలుచగానే ఉంది, తుంగ గడ్డలకూ ఇటువంటి గుణం ఉన్నదనే పరిశోధకులు చెబుతారు, అయినా ఆ పట్టీ గురించి నేనేమీ తేల్చలేదు, ఎందుకంటే అక్కడ తుంగ బతికే ఉంది. వయ్యారిభామ సంగతి వేరు. అది విత్తడానికి నాలుగు రోజుల ముందే చచ్చి మట్టిలో కలిసింది. చచ్చిన మొక్క పోటీపడదు. ఈ కేసుకు ఉన్న విలువ ప్రధానంగా అదే.

మిగిలిన ఒకే ఒక్క గట్టి ప్రత్యర్థి వివరణ నేను మొదట చెప్పినదే, అంటే పచ్చి చెత్త వల్ల నేల గుల్లబారడం, దానితోపాటు కుళ్లే చెత్త నేలలోని నత్రజనిని తాత్కాలికంగా లాక్కోవడం.

ట్రేల పరీక్ష

వయ్యారిభామ ఆకు రసాన్ని గాజు పళ్లెంలో వడపోత కాగితం మీద పోసి, గింజలు మొలవలేదని చూపే పరీక్షలు విద్యార్థుల ప్రాజెక్టులలో లెక్కలేనన్ని. వాటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. నూరి చిక్కగా తీసిన ఏ ఆకు రసమైనా, చివరికి కొత్తిమీర రసమైనా, తన గాఢత వల్లనే గింజ నీరు పీల్చుకోకుండా చేయగలదు. పైగా పళ్లెంలో మట్టి ఉండదు, ఆ రసాయనాలను పట్టి ఉంచే బంకమట్టి ఉండదు, తినివేసే సూక్ష్మజీవులు ఉండవు. అందువల్ల పొలం మట్టిలోనే, పొలంలో పడినంత మోతాదులోనే పరీక్షించాలని నిర్ణయించాను.

మోతాదు తెలుసుకోవడానికి పక్కన ఇంకా దున్నని ప్లాట్లలో ఒక చదరపు మీటరు కొలిచి, అందులోని వయ్యారిభామను వేళ్లతో సహా పీకి తూచాను. పచ్చిది మూడు కిలోలు తూగింది. రోటవేటర్ దిగేది 12 సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల మట్టి. ఆ లెక్కన కిలో మట్టికి 20 గ్రాముల పచ్చి మొక్క. అంతే కలిపాను, ఒక్క గ్రాము ఎక్కువ కాదు.

రెండు చేల మట్టినీ తెచ్చి, ఒకే జల్లెడతో జల్లించి, చెత్త ముక్కలు ఏరివేసి, ట్రేలలో ఒకే బరువుకు నింపి ఒకేలా నొక్కాము. దానితో గుల్లదనం అన్న తేడా పోయింది. అన్నింటికీ ఒకే పాటి యూరియా నీరు ఇచ్చాము కనుక నత్రజని వాదమూ పోయింది. ట్రేలు ఆరు రకాలు: సొంత చేను మట్టి ఉత్తదే, కౌలు చేను మట్టి ఉత్తదే, కౌలు మట్టిలో యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపినది, సొంత మట్టిలో చార్‌కోల్ కలిపినది, సొంత మట్టిలో పూత వయ్యారిభామ ముక్కలు కలిపినది, సొంత మట్టిలో దానికి సమానమైన పొడి బరువుకు వరిగడ్డి ముక్కలు కలిపినది. చార్‌కోల్ సేంద్రియ విషాలను తన ఉపరితలానికి అంటించుకుంటుంది. అయితే చార్‌కోల్ తానుగా కూడా పోషకాల అందుబాటును మార్చి మొక్క పెరుగుదలను తారుమారు చేయగలదు కనుక, మంచి మట్టిలో చార్‌కోల్ కలిపిన ట్రే లేకుండా ఈ పరీక్ష చేస్తే ఫలితానికి అర్థం ఉండదు. ఈ జాగ్రత్త తీసుకోని పరీక్షలు చాలా కనిపిస్తాయి.

పదో రోజున నూటికి లెక్క ఇలా తేలింది. సొంత మట్టిలో 84 మొక్కలు వచ్చాయి, కౌలు మట్టిలో 61. కౌలు మట్టికి చార్‌కోల్ కలిపితే 77కు పెరిగింది, సొంత మట్టికి కలిపితే 83, అంటే చార్‌కోల్ ఒంటరిగా చేసిన మేలూ కీడూ లేదు. వరిగడ్డి కలిపిన ట్రేలో 81. వయ్యారిభామ ముక్కలు కలిపిన ట్రేలో 48 మాత్రమే, అదీ కలిపిన నాలుగో రోజున విత్తినప్పుడు. వేళ్లలో తేడా మొలక సంఖ్యలోకంటే ఎక్కువ. సొంత మట్టిలో ఏడో రోజుకు తొలి వేరు సుమారు 9 సెంటీమీటర్లు ఉంటే, వయ్యారిభామ ట్రేలో 3 దాటలేదు, పైకి వచ్చిన మొక్కలలో కూడా. మొక్కలు మాత్రం అంత పొట్టిగా లేవు. మొలకలు లెక్కపెట్టి ఊరుకుంటే సగం నష్టమే కనిపిస్తుంది. వేరు కొలిస్తేనే మిగతా సగం బయటపడుతుంది, ఎందుకంటే యాసంగి జొన్న బతికేది నల్లరేగడి అడుగున దాగిన తేమ మీదనే, ఆ తేమను వేరు వెంబడించి దిగాలి.

తోడుగా అదే ట్రేలలో మొక్కజొన్న, సజ్జ, కొర్ర కూడా వేసి చూశాము. మొక్కజొన్న గింజ పెద్దది, లోపల నిల్వ ఎక్కువ, దాదాపు అన్నీ మొలిచాయి గాని వేరు పొట్టిదే. సజ్జ జొన్నకంటే ఎక్కువ నష్టపోయింది. కొర్ర అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది. గింజ చిన్నదయ్యేకొద్దీ దెబ్బ ఎక్కువన్నది ఈ విషయంలో తరచుగా కనిపించే తీరు, చిరుధాన్యాలు మళ్లీ వేస్తున్న మన రైతులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి.

లోపల జరిగేది

వయ్యారిభామ ఆకుల మీద, కాండం మీద ఉండే సన్నని నూగులో పార్థెనిన్ అనే చేదు పదార్థం నిల్వ ఉంటుంది. చర్మానికి దద్దుర్లు తెచ్చేదీ అదే. వాన పడితే ఆకుల మీదనుంచి కడిగి నేలకు చేరుతుంది, మొక్క కుళ్లినప్పుడు ఒక్కసారిగా విడుదలవుతుంది. దానితోపాటు కెఫీక్, ఫెరూలిక్, వెనిలిక్, పారాకౌమారిక్ వంటి ఫినోలిక్ ఆమ్లాలు ఉంటాయి. గింజ నీరు పీల్చుకోగానే లోపలి హార్మోను సంకేతంతో అమైలేజ్ అనే ఎంజైము పిండిని చక్కెరగా మార్చి మొలకకు అందించాలి. ఈ పదార్థాలు ఆ పనిని మందగింపజేస్తాయి. వేరు కొసలో నిరంతరం విభజన చెందే లేత కణాలు వీటికి మొదట బలవుతాయి, కణాల పొర పటుత్వం తప్పి లోపలి లవణాలు బయటకు కారతాయి, భాస్వరం, పొటాష్ తీసుకోవడం తగ్గుతుంది. నేను చూసిన గోధుమ రంగు కొస, కేశాలు లేని వేరు ఇందుకు సాక్ష్యం. ఇవే పదార్థాలు అతి తక్కువ మోతాదులో వేరును కొంచెం ప్రేరేపించడం కూడా ఉంది కనుక, పలుచగా వయ్యారిభామ ఉన్న పొలంలో ఇటువంటి ఇబ్బంది రాలేదని ఎవరైనా చెబితే నేను ఆశ్చర్యపోను.

నేరమంతా పార్థెనిన్ మీద వేయడం సరికాదని నా అభిప్రాయం. పదునున్న వెచ్చని నేలలో దాన్ని సూక్ష్మజీవులు రోజుల్లోనే విచ్ఛిన్నం చేస్తాయి. పొలంలో మూడు వారాల తర్వాత కూడా మొలక దెబ్బతిన్నదంటే, ఫినోలిక్ ఆమ్లాలూ, కుళ్లే క్రమంలో పుట్టే ఇతర పదార్థాలూ కలిసికట్టుగా పని చేశాయనుకోవాలి. ఈ పొలంలో ఇంకొక సంగతి కలిసింది. మొక్కను కలిపిన తర్వాత వాన లేక పై పొర ఆరిపోయింది. ఆరిన మట్టిలో సూక్ష్మజీవులు పని చేయవు కనుక విషం తరగలేదు. ఆ మీదట నేను పెట్టించిన పలుచని తడి నిల్వ ఉన్న రసాయనాలను కరిగించి సరిగ్గా మొలకెత్తుతున్న వేళ్లకే అందించింది. ఆ తడి పలుచగా కాక నిండుగా ఇచ్చి, పది రోజులు ఆగి, ఆ తర్వాత విత్తమని చెప్పి ఉంటే రెండోసారి విత్తనం వృథా అయ్యేది కాదు. ఆ నష్టానికి బాధ్యత నాది, ఆ మాట రైతుకు చెప్పి, ఆ విత్తనం ఖర్చు నేను భరించాను.

ఒక మొక్క ఇంకో మొక్కను రసాయనంతో అణచగలదన్న ఆలోచన కొత్తది కాదు. ఆస్ట్రియా శాస్త్రవేత్త హాన్స్ మోలిష్ 1937లో దీనికి అల్లెలోపతి అని పేరు పెట్టాడు. వయ్యారిభామ పుప్పొడికి కూడా ఈ గుణం ఉందనీ, ఇతర మొక్కల కీలాగ్రాల మీద పడితే కాయ కట్టడం తగ్గుతుందనీ 1980లో బెంగళూరు పరిశోధకులు చూపారు. జొన్న కూడా అమాయకురాలేమీ కాదు. దాని వేరు కేశాలనుంచి సోర్గోలియోన్ అనే పదార్థం ఊరి చిన్న గింజల కలుపును అణచివేస్తుంది. వయ్యారిభామ నేలలో ముందుగా చేరి, జొన్న వేరుకు కేశాలే రాకుండా చేయడంతో పంట తన రక్షణను కూడా కోల్పోయింది.

చేసిన చికిత్స

ట్రేలలో కౌలు మట్టిని తడి ఆరకుండా ఉంచి, వారానికి ఒకసారి కొత్త గింజలు వేసి చూస్తే మొలక మొదట 61, వారానికి 73, రెండు వారాలకు 82 వచ్చింది. పొలానికి కావలసింది మందు కాదు, తేమ, గాలి, గడువు. అందుకే ట్రేల పరీక్షలు ఇంకా సాగుతుండగానే, అక్టోబరు 14న నిండు తడి ఇప్పించి, పదునుకు వచ్చాక గుంటక తోలించి, తర్వాత ఇంకోసారి అదే చేయించాను. నేలను కలియబెట్టినకొద్దీ కుళ్లడం త్వరగా ముగుస్తుంది. ఎగువ మూలలో కుప్ప కింద నల్లబడిన పై మట్టిని పారతో తీయించి గట్టు మీద పోయించాము.

విత్తే రోజును నేను నిర్ణయించలేదు. పాత నూనె డబ్బాను నిలువుగా కోసి రెండు తొట్లు చేసి, ఒకదానిలో సొంత చేను మట్టి, రెండోదానిలో కౌలు చేను మట్టి నింపి, ఒక్కోదానిలో ఇరవై జొన్న గింజలు వేసి అరుగు మీద పెట్టుకోమన్నాను. రెండింటిలో మొలకలు సమానమై, పీకి చూస్తే వేళ్లకు నూగు, మట్టి సమానంగా అంటుకుని ఉన్న రోజున విత్తవచ్చు. రెండుసార్లు వేసి, రెండోసారి రెండు తొట్లలోనూ ఇరవైకి 17 చొప్పున వచ్చాయని నాకు ఫోన్ చేశాడు.

అప్పటికి నవంబరు మొదలైంది. యాసంగి జొన్నకు అది ఆలస్యం, మొవ్వు ఈగ ఉధృతి పెరుగుతుంది, కంకి వేసే వేళకు అడుగు తేమ సరిపోదు. నిజం చెప్పాలంటే మొత్తం శనగ వేయమని నేను చెప్పాను. పశువులకు చొప్ప, ఇంట్లోకి రొట్టెలకు జొన్న కావాలని ఆయన ఒప్పుకోలేదు, ఆ మాటలో న్యాయం ఉంది. ఒక ఎకరం శనగ, ఒక ఎకరం మొవ్వు ఈగకు విత్తనశుద్ధి చేసిన జొన్న వేశాము. రెండూ పూర్తిగా మొలిచాయి. కోతకు సొంత చేనులో ఎకరాకు ఏడు క్వింటాళ్లు, కౌలు ఎకరంలో అయిదు క్వింటాళ్ల జొన్న వచ్చింది. ఆ రెండు క్వింటాళ్ల తేడాను నేను ఆలస్యానికే ఆపాదిస్తాను. మొక్కల సాంద్రతలో తేడా లేదు, కంకులు చిన్నవి.

తర్వాతి వానాకాలం

జూన్ వానలకు వయ్యారిభామ మళ్లీ మొలిచింది. మొక్కకు వేలకొద్దీ విత్తనాలు రాలుతాయి కనుక ఒక ఏడాదిలో పోయే పీడ కాదు. ఈసారి జూలైలోనే, నాలుగైదు ఆకుల మీద, పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకించాము. పూత రాకముందు దున్ని కలిపితే అది మంచి పచ్చిరొట్ట, నత్రజని బాగానే ఉంటుంది, కానీ కలిపిన తర్వాత తడి ఆరకుండా కనీసం మూడు వారాలు ఆగాలి. పీకినదాన్ని పొలం మూలలో కుప్ప పోయకుండా, గొయ్యి తవ్వి పేడ నీళ్లు చల్లి పొరలుగా వేసి, పైన మట్టితో మూసి నాలుగు నెలలు వదిలారు. తీసిన ఎరువులో గింజలు వేసి చూసినప్పుడు మొలకకు ఏ అడ్డూ కనిపించలేదు. పూత వచ్చినవాటిని మాత్రం గోతిలో వేయవద్దని చెప్పాను, విత్తనాలన్నీ కుళ్లిపోతాయన్న భరోసా లేదు. పొలం చుట్టూ గట్ల వెంట తగిరిస గింజలు చల్లించాము. ఈ ప్రాంతంలో తంటెం అని పిలిచే ఆ మొక్క వానాకాలంలో ముందుగా లేచి వయ్యారిభామను కొంత అణచి ఉంచుతుంది. మెక్సికో నుంచి 1980లలో బెంగళూరుకు తెచ్చి వదిలిన పెంకు పురుగులు ఈ చుట్టుపక్కల వానాకాలంలో కనిపిస్తాయి, ఆకులు బాగానే తింటాయి, కానీ పూతకు ముందే పని ముగించేంత సంఖ్యలో ఇక్కడ నేను వాటిని చూడలేదు.

గట్టు అవతలి మిగతా ప్లాట్లు ఇంకా పడావుగానే ఉన్నాయి. యజమానులు నగరంలో ఉంటారు, కొందరి ఫోన్ నెంబర్లు కూడా రైతుకు తెలియవు. అక్కడి వయ్యారిభామ మొన్న ఆగస్టులో నిండు పూత మీద ఉంది, దాని విత్తనం గాలికి, నీటికి ఈ చేనులోకే వస్తుంది. ఈ సెప్టెంబరులో నేను వెళ్లేసరికి అరుగు మీద ఆ రెండు నూనె డబ్బా తొట్లూ మట్టితో నిండి ఉన్నాయి. కౌలు చేను తొట్టిలో ఇరవై గింజలకు పద్దెనిమిది మొలిచాయి. రైతు భార్య ఒక మొక్కను పీకి, వేరుకు అంటిన మట్టిని నా ముందు దులిపి చూపింది. మట్టి రాలలేదు.